పాత కోర్టు మెట్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో మున్సిఫు కోర్టు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారింది. కచేరీలు మారుతూనే ఉంటాయి, ఇందులో చెప్పుకోవడానికి ఏముంది అనిపించవచ్చు. ఆ మార్పులో మా పక్కింటి అక్క ఇల్లు పోయింది. అందుకే నాకు ఈ వయసులోనూ ఆ సంగతి తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నేనుంటున్న ఈ ఊళ్లోనూ కోర్టుకు తాళం పడింది. న్యూజిలాండ్‌లో హామిల్టన్ నుంచి కారులో ముప్పావుగంట దూరంలో ఉన్న చిన్న ఊరు మాది. చుట్టూ పచ్చిక, పాలిచ్చే ఆవులు, పాల ట్యాంకర్లు. మా అమ్మాయీ అల్లుడూ ఇక్కడ సెటిలయ్యాక నన్ను తీసుకొచ్చారు. ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఇదే పెద్ద ఊరట, మన తాలూకా కేంద్రం లాంటిది. నాకు పెద్ద చదువు లేదు కానీ కాగితం కనబడితే వదలను. లైబ్రరీలో కూర్చుని ఈ ఊరి చరిత్రంతా చదివాను. మొదట చెక్కలతో కట్టిన ఒక గది ఉండేదట. కొన్నాళ్లు అందులో కోర్టు, కొన్నాళ్లు అదే గదిలో కౌన్సిలు సమావేశాలు. అది కాలిపోతే ఎర్ర ఇటుకలతో రెండోది కట్టారు. ఎత్తయిన కిటికీలు, గుమ్మం పైన రాతిలో చెక్కిన అక్షరాలు. తరవాత కౌన్సిలును తీసుకెళ్లి పెద్ద ఊరి కౌన్సిలులో కలిపేశారు. కోర్టు మాత్రం నెలకో రెండు నెలలకో ఒకసారి తెరుచుకుంటూ వచ్చింది. ఆ మధ్య ఇంజనీర్లు వచ్చి ఈ కట్టడం భూకంపానికి ఆగదని తేల్చారు. తలుపుకు ఆ సంగతి రాసిన ఒక పసుపు కాగితం అంటించారు. విచారణలన్నీ హామిల్టన్‌కు పోయాయి. రాతిలో చెక్కిన అక్షరాలు మాత్రం ఇది కోర్టు అని ఇప్పటికీ చెబుతూనే ఉన్నాయి.

లైబ్రరీలో పరిచయమైన ఒక మావోరీ పెద్దావిడ, ఈ దేశపు మూలవాసి, ఆ చెక్కగది గురించి పుస్తకాల్లో లేని మాట చెప్పింది. వాళ్ల పూర్వీకుల భూముల విచారణ అక్కడే జరిగిందట. కొండల అవతలి నుంచి జనం నడిచి వచ్చి, పక్క మైదానంలో గుడారాలు వేసుకుని, తమ పేరు ఎప్పుడు పిలుస్తారా అని వారాల తరబడి కనిపెట్టుకుని ఉండేవాళ్లట. రాలేనివాళ్ల పేర్లు రాతలోకి ఎక్కలేదట. “మీ దేశంలో ఎలా ఉండేది?” అని అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో మా అక్క సంగతి చెప్పాను. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేసింది.

ఆ సంగతే ఇక్కడ మన భాషలో చెబుతాను.

మా తాతయ్య పాత కోర్టుకు ఎదురుగా భోజనహోటలు నడిపేవాడు. మా అమ్మ నన్ను బడి కోసం అక్కడే ఉంచింది. ఆ కోర్టు దొరల కాలం నాటి పెంకుటి కట్టడం. ముందు పొడవాటి వరండా, దాని కింద అరిగిపోయిన రాతి మెట్లు. పొద్దున్నే ప్లీడర్లు వచ్చి వరండాలో బల్లలు వేసుకునేవాళ్లు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ముందు మెట్ల మీద కూర్చుని, తమకు నచ్చిన ప్లీడరు మొహం చూసుకుని లేచి వెళ్లి మాట్లాడుకునేవాళ్లు. ప్లీడరును పెట్టుకోవాలంటే ఆ మెట్ల మీదికి వెళ్లాలి, అంతే. ఎవరి తాతలైనా అలాగే చేశారు. పదిన్నరకు నడుముకు ఎర్ర పటకా కట్టిన బంట్రోతు గుమ్మంలో నిలబడి పేర్లు పిలిచేవాడు. ఒక్కో పేరు మూడుసార్లు. మూడోసారికి పలకకపోతే ఆ మనిషి లేనట్టే లెక్క.

మధ్యాహ్నం వాదీ ప్రతివాదీ ఇద్దరూ మా హోటలుకే వచ్చేవాళ్లు. పొద్దున్నంతా ఒకడినొకడు దొంగ అని తిట్టుకున్నవాళ్లు ఒకే పంక్తిలో తినాలి. మా తాతయ్య వాళ్లను ఎప్పుడూ ఎదురెదురుగా కూర్చోబెట్టేవాడు కాదు. పక్కపక్కన వేసేవాడు విస్తళ్లు. ఎదురుగా ఉంటే మొహాలు చూసుకుంటూ తినాలి, ముద్ద దిగదు. పక్కన ఉంటే మజ్జిగ అయినా అందించుకుంటారు అనేవాడు. నిజంగానే అందించుకునేవాళ్లు, నేను చూశాను.

ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. వడ్డన అయిపోయాక, పొయ్యి ఆర్పించే ముందు, తువ్వాలు భుజాన వేసుకుని వీధిలోకి వచ్చేవాడు. ఆ పక్కా ఈ పక్కా చూసి, భోజనానికి ఇంకెవరైనా ఉన్నారా అని గట్టిగా కేకేసేవాడు. ఎండలో, వానలో, పండగ నాడు, ఎప్పుడూ మానలేదు. లోపలున్న నాలుగు విస్తళ్ల వాళ్లనే అడగొచ్చు కదా తాతయ్యా అన్నాను ఒకసారి. “లోపల నిలబడి అడిగితే లోపలున్నవాళ్లకే వినబడుతుందిరా. వాళ్లెలాగూ తింటున్నారుగా” అన్నాడు. అప్పుడు నాకది హోటలు సంగతిగానే అర్థమైంది.

మా పక్కిల్లు అక్కది. నిజానికి ఆమె మాకు చుట్టమేమీ కాదు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన మనిషి. వాళ్లాయన తెప్పించే పత్రికలను ఆమె మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని పైకి చదివేది, నేను పక్కన కూర్చుని వేలు పెట్టి వెతుక్కునేవాణ్ణి. బళ్లో దెబ్బలు తింటూ రాని చదువు నాకు ఆ అరుగు మీద వచ్చింది. ఇవాళ నేను ఏదైనా చదివి కోపం తెచ్చుకుంటున్నానంటే ఆ కోపానికి మొదటి అక్షరం ఆమే దిద్దించింది.

వాళ్లాయన జ్వరంతో హఠాత్తుగా పోయాడు. అక్క పుట్టింటికి వెళ్లింది. ఆమె అటు వెళ్లిందో లేదో, మరిది వచ్చి ఇంటికి తాళం వేసి, ఈ ఇల్లు మా ఉమ్మడి ఆస్తి, ఆమెకు ఇందులో హక్కు లేదు అని కోర్టులో దావా వేశాడు. నోటీసు ఆమె పుట్టింటికి వెళ్లింది. ఫలానా రోజున కోర్టుకు రావాలని అందులో ఉంది. కోర్టు అంటే ఏ కోర్టో ఆమెకు తెలియదా? పెళ్లినాటి నుంచీ ఆ కోర్టుకు ఎదురుగానే ముగ్గు వేసింది.

ఆమె పుట్టింట్లో ఉన్న ఆ నెలల్లోనే కోర్టు మారిపోయింది. రైల్వే గేటుకు అవతల ఊరి పెద్దమనిషి ఒకడికి పొలాలుండేవి. కొంత భూమి కోర్టుకు ఇచ్చి, దానికి అటూ ఇటూ ఉన్న మిగతా భూమిని ఇళ్ల స్థలాలు చేశాడు. ఆయన్ను అందరూ దాత అన్నారు. కొత్త కట్టడానికి సిమెంటు వేసి, సున్నం కొట్టి, ఒక శుభముహూర్తాన గుమ్మానికి మామిడాకులు కట్టి లోపలికి వెళ్లారు. కోర్టు మారిందని ప్రజలకు తెలియాలి కదా. తెలియడానికి నోటీసు అంటించారు. ఎక్కడ అంటించారనుకున్నారు? కొత్త కోర్టు బోర్డు మీద. కోర్టు కొత్త చోటికి వచ్చిందని తెలుసుకోవాలంటే ముందు ఆ కొత్త చోటికి వెళ్లాలి. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. ఎవరూ దీన్ని తప్పని అనుకోలేదు కూడా. ఊళ్లో అందరికీ తెలుసు, ఇక తెలియనిది ఎవరికి?

ఆ రోజు మా హోటల్లో జనం పల్చగా ఉన్నారు. కోర్టు పోయినప్పటి నుంచీ అంతే. తాతయ్య అలవాటు ప్రకారం తువ్వాలు వేసుకుని వీధిలోకి వచ్చాడు. నేను ఆయన వెనకే వచ్చాను. భోజనానికి ఇంకెవరైనా ఉన్నారా అని కేకేసి, ఎడమ పక్క చూసి, కుడి పక్క చూసి, ఎదురుగా చూశాడు. పాత కోర్టు మెట్ల మీద అక్క కూర్చుని ఉంది. తెల్లచీర, పక్కన చిన్న సంచి. ఎండ మెట్ల మీదికి వచ్చేసింది, ఆమె ఒక స్తంభం నీడలోకి జరిగి కూర్చుంది.

తాతయ్య వీధి దాటాడు.

“ఇక్కడ కూర్చున్నావేమిటమ్మా? ఎప్పుడొచ్చావు?”

“పొద్దున్న బస్సుకే వచ్చాను పెదనాన్నగారూ. ఇవాళ వాయిదా. ఇంటికి తాళం ఉంది, మీ ఇంటికి వద్దామంటే ఈలోపల పిలిచేస్తారేమోనని ఇక్కడే ఉండిపోయాను. ప్లీడర్లు ఒక్కరూ రాలేదు. మున్సిఫుగారు ఇవాళ ఆలస్యం అనుకుంటా.”

కోర్టు లేదు కానీ పాత కాగితాల గది ఇంకా అక్కడే ఉంది. గుమాస్తాలు కట్టలు మోసుకుంటూ లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అది చూసి ఆమె కోర్టు నడుస్తోందనుకుంది. పొద్దుటి నుంచీ ఆమె పక్కనుంచే మెట్లెక్కి దిగిన ఆ మనుషుల్లో ఒక్కడు, ఎవరమ్మా నువ్వు, ఎందుకు కూర్చున్నావు అని అడగలేదు. వాళ్ల పని కాగితాలు మొయ్యడం. హోటలు పనిలో పడి మేమూ అటు చూడలేదు.

తాతయ్య మొహం అప్పుడు ఎలా మారిందో చెప్పలేను. ఆమె సంచి అందుకుని రిక్షాను పిలిచాడు. నన్ను వద్దనే ఓపిక కూడా ఆయనకు లేదు. ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. దారిలో ఆయన కోర్టు మారిన సంగతి చెప్పాడు. అక్క ఏడవలేదు. “ఎటు మార్చారు?” అని మాత్రం అడిగింది.

రైల్వే గేటు వేసి ఉంది. గూడ్సు బండి. ఎంత పొడుగో దానికి అంతే లేదు. బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి, మధ్య సందుల్లోంచి అవతల తెల్లగా కొత్త కోర్టు కనబడి మాయమవుతోంది. అక్క చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

మేము వెళ్లేసరికి బంట్రోతు గుమ్మం పక్కన బీడీ కాల్చుకుంటున్నాడు. మా హోటల్లో ఏళ్ల తరబడి తిన్న మనిషి. తాతయ్యను చూసి బీడీ వెనక్కి దాచాడు.

“ఈ అమ్మాయి కేసు?” అన్నాడు తాతయ్య.

“అయిపోయిందండి. పిలిచాను, పలకలేదు. ఎక్స్‌పార్టీ చేసేశారు, ఆవిడ రాలేదని అవతలివాళ్లకే తీర్పిచ్చారు.”

“ఎక్కడ నిలబడి పిలిచావు?”

“ఈ గుమ్మంలోనే. మూడుసార్లు గట్టిగా పిలిచానండి, ఒట్టు.”

“ఆవిడ పాత మెట్ల మీద కూర్చుని ఉందిరా.”

“నా గొంతు రైలు గేటు దాటుతుందా తాతగారూ. నన్ను పిలవమన్న చోట పిలిచాను.”

అతని మాటలో తప్పేమీ లేదు, అదే నాకిప్పటికీ మింగుడుపడని సంగతి. అక్కడున్న ఎవరి మాటలోనూ తప్పు లేదు. ఒక్క మరిది సంగతి వేరు. అతను వేపచెట్టు కింద సైకిలు ఆనించుకుని నిలబడి ఉన్నాడు. అక్క నేరుగా అతని దగ్గరికి వెళ్లింది.

“పొద్దున్న సైకిలు మీద వెళ్తూ నన్ను చూశావు కదా.”

“చూశాను వదినా. నీడగా ఉందని కూర్చున్నావనుకున్నా.”

ఆమె వెనక్కి తిరిగింది. అతనే మళ్లీ, “ఎండగా ఉంది, మజ్జిగ తాగి వెళ్లండి” అన్నాడు. తాతయ్య నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ఆ పట్టు నన్ను ఆపడానికో, తనను తాను ఆపుకోవడానికో నాకు తెలియదు.

తాతయ్య ప్లీడరును పెట్టించాడు, ఎక్స్‌పార్టీ కొట్టివేయాలని పిటిషను వేయించాడు. బోనెక్కి, ఆమె పొద్దుటి నుంచీ పాత మెట్ల మీదే ఉందని సాక్ష్యం చెప్పాడు. అవతలి ప్లీడరు, మీరు ఆమెకు రోజూ అన్నం పెడుతున్నారు కదా, మీ సాక్ష్యం ఆమెకే కదా అనుకూలం అని ఎగతాళి చేశాడు. వాయిదా మీద వాయిదా పడింది. చివరికి పిటిషను ఒప్పుకున్నారు. ఆ ఉత్తర్వు చేతికొచ్చే సమయానికి డిక్రీ అమలై, ఇల్లు అమ్ముడై, కొన్నవాడు దాన్ని పడగొట్టి కొత్త పునాది తవ్వుతున్నాడు. అక్క న్యాయం గెలిచింది, ఆ న్యాయాన్ని పెట్టుకోవడానికి ఇల్లు లేదు. నేను చదువు నేర్చుకున్న అరుగు రాళ్లను బండికెత్తి తీసుకుపోతుంటే మా హోటలు గుమ్మంలో నిలబడి చూశాను.

అక్క మా వంటింట్లో పనిచేసింది కొంతకాలం. ఒకసారి మరిది ఏదో పని మీద వచ్చి భోజనానికి కూర్చున్నాడు. తాతయ్య చెయ్యి గరిటె మీద ఆగిపోయింది. లోపలి నుంచి అక్క, “పెట్టండి పెదనాన్నగారూ, ఆకలికి వచ్చాడు” అంది. పెట్టాడు. అతని పక్కన మాత్రం విస్తరి వెయ్యలేదు. అతను ఒక్కడే తిని వెళ్లాడు. ఆ తరవాత అక్కకు వేరే ఊళ్లో చిన్నపిల్లల బడిలో ఆయా పని దొరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు నాకు పాత పత్రికల కట్ట ఒకటి ఇచ్చింది.

మా తాతయ్య చేసిన పని ఇప్పుడు చెప్పాలి. అక్క కేసు పోయిన మర్నాడు పొద్దున్న ఆయన హోటలు బల్ల ఒకటి మోయించి పాత కోర్టు మెట్ల దగ్గర వేయించాడు. పదిన్నర దాటేదాకా అక్కడే కూర్చున్నాడు. ఎవరైనా కొత్త మొహం మెట్ల దగ్గర తచ్చాడితే, కోర్టు ఇక్కడ లేదు, గేటు అవతలికి పోయింది, ఇప్పుడే బయల్దేరితే అందుకుంటారు అని చెప్పేవాడు. రోజూ వచ్చేవాళ్లు. ఇన్నాళ్లూ అలా ఎంతమంది వచ్చి కూర్చుని వెళ్లిపోయారో ఎవరికీ తెలియదు. వాళ్లను కొత్త కోర్టుకు పంపేస్తే, వాళ్లు అక్కడ కొత్తగా పెట్టిన హోటల్లో తింటారు, మా వ్యాపారానికి నష్టం అని మా అమ్మమ్మ గొణిగేది. “నేను ఊరందరితో మాట్లాడేవాణ్ణి. ఆ పిల్లకు ఒక ముక్క రాయించి పోస్టులో పడేస్తే సరిపోయేది. తనకు తెలిసే ఉంటుందిలే అనుకున్నాను” అనేవాడు తాతయ్య. పాత కట్టడం పడగొట్టి మెట్లు మాత్రం మిగిలినప్పుడు కూడా ఆ బల్ల అక్కడే ఉంది. ఆయన మంచాన పడేదాకా ఉంది.

పోయిన చలికాలం ఒక ఉదయం నేను వాకింగ్‌కు వెళ్లి ఇక్కడి ఇటుకల కోర్టు ముందు బెంచీ మీద కూర్చున్నాను. ఒక కుర్రాడు గబగబా వచ్చి తలుపు లాగాడు, రాలేదు. కిటికీలోంచి తొంగి చూశాడు. కాళ్లకు మోకాళ్ల దాకా రబ్బరు గమ్‌బూట్లు, మీద ఇస్త్రీ చొక్కా. నన్ను చూసి ఇంగ్లీషులో మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగాడు.

“తెలుగేనా అంకుల్? ఇక్కడ కోర్ట్ ఎన్నింటికి తీస్తారండీ?”

“తియ్యరు బాబూ. హామిల్టన్‌కు మార్చేశారు.”

“లేదంకుల్, మ్యాప్ ఇదే చూపిస్తోంది. లెటర్‌లో కూడా ఇదే అడ్రస్.”

మార్చినట్టు ఇంకో ఉత్తరం పంపే ఉంటారు, అతను ఫ్లాట్ మారాడు, అది అందలేదు. వెబ్‌సైట్‌లో కూడా పెట్టారట. డెయిరీ ఫారంలో పని. అవతల ఊరి నుంచి తెల్లవారుజామునే పాలు పితకడానికి వెళ్లాలి, బస్సు లేదు. స్పీడుగా నడిపాడని కేసు, ఇవాళ కనబడకపోతే లైసెన్స్ పోయినట్టే, లైసెన్స్ పోతే పని పోయినట్టే. కారు రిపేరులో ఉందని ఇవాళ ఫ్రెండు దింపి వెళ్లిపోయాడు. పదికి పిలుస్తారట. తొమ్మిది దాటింది.

నేను మా అమ్మాయికి ఫోన్ చేశాను.

“నాన్నా, నాకు పదింటికి మీటింగ్ ఉంది. అతను ఎవరో కూడా తెలీదు మనకి.”

“నీ మీటింగు నిన్ను మూడుసార్లు పిలిచి లేవనుకుంటుందా?”

మా అక్క సంగతి దానికి తెలుసు, ఎన్నిసార్లు చెప్పానో. “వస్తున్నా, రోడ్డు మీదికి వచ్చి నిలబడండి” అంది. ముగ్గురం వెళ్లాం. దారి పొడుగునా కుర్రాడు చొక్కా బొత్తం తిప్పుతూనే ఉన్నాడు. ఒక చోట ఆవుల మంద రోడ్డు దాటుతుంటే కారు ఆపాల్సి వచ్చింది. ఒకదాని వెనక ఒకటి నింపాదిగా దాటుతున్నాయి. మా అమ్మాయి నా వైపు చూసింది.

కుర్రాడు లోపలికి పరిగెత్తేసరికి అతని పేరు పిలుస్తున్నారట. అది రెండో పిలుపో మూడోదో అతనికీ తెలియదు. పలికాడు. బయటికి వచ్చి, “టైమ్ ఇచ్చారంకుల్, లాయర్‌ని పెట్టుకోమన్నారు” అని మెట్ల మీద కూలబడ్డాడు. నాకు సంతోషం కలగలేదని కాదు. పసుపు కాగితం అంటించినప్పటి నుంచీ ఆ తలుపు లాగి చూసి వెనక్కి వెళ్లినవాళ్లు ఎంతమందో అన్న ఆలోచన మాత్రం ఆ సంతోషాన్ని నిలవనివ్వలేదు. మూసినవాళ్లను అడిగితే చెప్పాం కదా అంటారు. ఎక్కడ నిలబడి చెప్పారు అని అడిగేవాళ్లు లేరు.

అప్పటి నుంచీ కోర్టు పనిదినాల్లో ఉదయం మా ఊరి ఇటుకల కోర్టు ముందు ఆ బెంచీ నాది. మావోరీ పెద్దావిడ కొన్ని రోజులు ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చి పక్కన కూర్చుంటుంది. ఎదురుగా కాదు, పక్కన.

మా ఇంటికి నలుగురు భోజనానికి వచ్చిన రోజున, అందరూ తిన్నాక, గిన్నెలు సర్దేముందు నేను చెప్పులు వేసుకుని బయటికి వెళతాను. మా మనవరాలికి అది తమాషా. “హూ ఆర్ యూ లుకింగ్ ఫర్, తాతయ్యా? అందరూ లోపలే ఉన్నారు కదా” అంటుంది. లోపలున్నవాళ్లు లోపలే ఉన్నారమ్మా అంటాను. ఆ పక్కా ఈ పక్కా చూస్తాను. పొరుగువాళ్ల కార్లు, తడిసిన రోడ్డు, దూరంగా ఆవులు. ఎవరూ ఉండరు. అయినా ఇంకొంచెంసేపు నిలబడి, ఎదురుగా కూడా ఒకసారి చూసి, అప్పుడు తలుపు వేస్తాను.